ఉప్పెక్కిన పాలు

ఆసుపత్రిలో తల్లుల పాలు పరీక్షించడం నా ఉద్యోగం. ఎవరి పాలలో ఎంత ఉప్పు, ఎంత చక్కెర ఉన్నాయో చూసి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పనికొస్తాయో లేదో రాస్తాను. రోజూ యంత్రం వెయ్యగానే ముందు నా పాలే రెండు చుక్కలు వేస్తాను. వాటి అంకెలు నాకు కంఠతా వచ్చు. తేడా వస్తే తప్పు యంత్రానిదే.

నా మిగతా పాలు సీసాల్లో పోసి, ఐసు పెట్టెలో పెట్టి, సాయంత్రం బస్సులో అక్కకు పంపుతాను. మా బుడ్డోడు అక్క దగ్గరే ఉంటాడు. వాడికిప్పుడు ఎనిమిదో నెల. నేను వెళ్ళేది రెండు వారాలకోసారి. ఈ ఊళ్ళో నాకంటూ ఎవరూ లేరు. వాడికీ నాకూ మధ్య ఉన్నది ఆ సీసాలే. ఏడాది నిండేదాకా ఆపేది లేదని పంతం పట్టాను.

రెండు వారాలుగా నా పాలలో ఉప్పు కొద్దికొద్దిగా పెరుగుతున్నా, యంత్రం వంకేలే అనుకున్నాను. సోమవారం రెట్టింపు చూపించింది. చక్కెర పడిపోయింది. దీని దుంపతెగ! ఎవరో గొట్టంలో ఉప్పునీళ్ళు వదిలేశారని, గది తుడిచే పిన్నిమీద విరుచుకుపడ్డాను.

"నేను దాని జోలికే పోనమ్మా. నీ యంత్రం మీద ఒట్టు!" అంది పిన్ని.

గొట్టం నేనే మూడుసార్లు కడిగాను. మిగతా తల్లుల పాలన్నీ సరిగ్గానే వచ్చాయి. తేడా నావాటికే. ఉప్పు పెరిగి చక్కెర తగ్గిందంటే పాలు ఇంకిపోతున్నట్టు. ఎంతమంది తల్లులకు చెప్పానో ఆ మాట! పని ఎక్కువైందని, రోజుకు మూడుసార్లు పాలు పిండేదాన్ని ఒక్కసారికి దిగాను. బుద్ధి ఉండక్కర్లేదూ నాకు?

అక్కకు ఫోన్ చేశాను. "బుడ్డోడు పాలు తాగుతున్నాడా?"

"ఉప్పగా ఉన్నాయో ఏమో, నోట్లో పెట్టగానే ఉమ్మేస్తున్నాడే. డబ్బా పాలు మరిగాడు. పది రోజులైంది. కుమిలిపోతావని చెప్పలేదు."

"మరి నేను పంపినవి?"

"ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. పారబోయడానికి చేతులు రాలేదు. కూరగాయలకు చోటు లేదని మీ బావ ఒకటే గొణుగుడు."

నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. పోయినసారి వెళ్ళినప్పుడు నా ఒళ్ళో మొహం తిప్పుకుంటే పళ్ళొస్తున్నాయని సర్దిచెప్పుకున్నాను. వాడు బొద్దుగా, హాయిగానే ఉన్నాడు. నేను లేకుండానే.

నాలుగింటికి ఎప్పటిలాగే సామాన్ల గదిలో గడియ పెట్టుకుని పాలు పిండుకుంటూ కూర్చున్నాను. అరగంటకు సీసా అడుగు మాత్రమే తడిసింది. మూతమీద తేదీ వేసి, 'బుడ్డోడికి' అని రాసి, మళ్ళీ ఫోన్ చేశాను.

"అక్కా, ఇవాళ కూడా పంపనా?"

"పంపవే," అంది అక్క. "చోటు చేస్తాను."