తాడు లేని పరుగు

మేస్త్రీకి మెలకువ వచ్చేసరికి ఇంట్లో ఏదో తేడాగా ఉంది. రోజూ ఈపాటికి వాకిట్లోంచి ఒక చప్పుడు వినిపించేది. అక్క బూట్లు తొడుక్కుని కుర్చీలో కూర్చుని, పిలవకుండానే పిలిచేది: కాళ్లు నేలకేసి తట్టేది. మారథాన్ అయిన దగ్గర్నుంచీ అతను అది వినపడనట్టు ముసుగు తన్నేవాడు.

ఇవాళ ఆ చప్పుడు లేదు. కుర్చీ ఖాళీ. బూట్లు లేవు, చేతికర్ర లేదు.

"అక్క ఏదీ?"

భార్య వంటింట్లోంచి బయటికి రాకుండానే జవాబిచ్చింది. "పరిగెత్తడానికి వెళ్లింది. తమరు నిద్రలో ఉన్నారు కదా మహారాజా."

"ఒక్కర్తెనా? కళ్లు లేని మనిషిని ఎలా పంపించావ్?"

"నేను పంపితే వెళ్లే మనిషా వదిన? వద్దంటే వింటుందా? కాలవ పిట్టగోడకి కర్ర ఆనించుకుని పోతాను, ఆ దారి నా కాళ్లకి తెలుసంది. మీ పతకం మేకెక్కింది, మీరు మంచమెక్కారు. ఆవిడ ఎన్నాళ్లని కనిపెట్టుకుని ఉంటుందండీ?"

కాలవ రోడ్డు అనేసరికి మేస్త్రీకి పై ప్రాణాలు పైనే పోయాయి.

నిన్న సాయంత్రం ఆ రోడ్డు తవ్వించింది అతనే. మంచినీటి గొట్టాలు వేసే ముఠాకి అతను మేస్త్రీ. పిట్టగోడ దగ్గర్నుంచి అవతలి గోడ దాకా మనిషి లోతున కందకం కొట్టించాడు, అడుగున ఇనప గొట్టం దింపించాడు. "ఇనప అడ్డాలు తీసుకురమ్మంటావా మేస్త్రీ?" అని లారీ డ్రైవరు అడిగితే, "పొద్దున్నే ఇటు కాకి కూడా రాదు. రిబ్బను కట్టెయ్, చాలు" అన్నాడు. పొద్దున్నే ఆ దారిన వచ్చేది ఇద్దరే. ఆ ఇద్దరూ మానేశారని అతనికన్నా బాగా తెలిసినవాడు లేడు.

చెప్పులు కూడా వేసుకోకుండా బయటపడ్డాడు.

మారథాన్‌కి ముందు ఏడాదంతా ఆ దారిలోనే సాధన చేశారు. మణికట్టుకీ మణికట్టుకీ మధ్య జానెడు తాడు. అతను కళ్లు, ఆమె పట్టుదల. పోటీ తేదీ ముందుండగా అతను వానలోనూ లేచాడు, జ్వరంలోనూ లేచాడు. గీత దాటారు, జనం చప్పట్లు కొట్టారు, మెడలో పతకాలు వేశారు. మర్నాడు లేచి చూసుకుంటే ముందు ఏమీ లేదు. మోకాలు నొప్పన్నాడు, పని ఎక్కువన్నాడు, వచ్చే వారం అన్నాడు.

అక్క మాత్రం ఒకే మాట అంది. "నీకు అది పోటీరా. నాకు అది ఇల్లు కాని చోటు. ఆఫీసులో ఫోనెత్తి బల్ల తడుముకుంటాను, ఇంట్లో గోడ తడుముకుంటాను. నా కాళ్లు బారెడు చాచేది ఆ రోడ్డు మీదే."

ఆ రోజు కూడా అతను "సరేలే అక్కా, రేపు" అన్నాడు.

సందు మలుపు తిరిగేలోపే రొప్పు మొదలైంది. ఆ ఒంటికి ఇదివరకు ఇది లెక్కలోది కాదు. డొక్కలో పోటు పుట్టింది, నోరు ఎండిపోయింది. మానేసినవాడికి కాళ్లు గుర్తుంటాయి గానీ ఊపిరి గుర్తుండదు.

కాలవ గట్టెక్కగానే ఆమె కనిపించింది. కర్ర కొస పిట్టగోడ మీద గరగరమంటోంది. నిదానంగా, జాగ్రత్తగా పరిగెత్తుతోంది. ఆమెకు ముందు, రాగిరంగు మట్టిగుట్టల మధ్య ఎర్ర రిబ్బను గాలికి ఊగుతోంది.

"ఆగు!"

ఆమె తల పక్కకి తిప్పింది. అడుగుల చప్పుడు పోల్చుకుంది. ముఖం వెలిగిపోయింది.

"వచ్చావా, కుంభకర్ణుడా! ఆగమంటావా? ఆ మాట మన దగ్గర చెల్లదు కదరా!"

నిజమే, చెల్లదు. సాధనలో అలిసినప్పుడల్లా ఇద్దరూ ఆగుదాం ఆగుదాం అని ఏడ్చేవాళ్లు. అందుకని ఆ మాట ఎవరన్నా రెండోవాళ్లు వేగం పెంచాలని ఒట్టు పెట్టుకున్నారు. నిజంగా ఆపాలంటే తాడు రెండుసార్లు లాగాలి. ఆ తాడు ఇప్పుడు ఇంట్లో, పతకం పక్కన వేలాడుతోంది.

ఆమె వేగం పెంచింది. పట్టుకో చూద్దాం అన్నట్టు చెయ్యి ఊపింది.

కందకం, రోడ్డు తవ్వేశాం, ముందుకెళ్లకు. ఇవన్నీ అతని గుండెలో నిండుగా ఉన్నాయి. గొంతులోకి ఒక్క మాటకి మించి ఊపిరి రావడం లేదు.

"గుంత!" అన్నాడు.

అనగానే నాలుక కొరుక్కున్నాడు. గుంత అంటే ఏం చెయ్యాలో ఆమెకు అతనే నేర్పాడు. ఆగకూడదు, తడబడకూడదు, అడుగు పెద్దదిగా వేసి దాటెయ్యాలి.

ఆమె అతన్ని నమ్మింది. అడుగు పెద్దదిగా వేసింది. రిబ్బను తెగింది.

కర్ర మాత్రం పిట్టగోడ పక్కన పడి ఉంది.

మేస్త్రీ కందకంలోకి దూకాడు. ఆమె గొట్టం మీద అడ్డంగా పడి ఉంది. కుడికాలు మోకాలి కింద వంగకూడని వైపు వంగింది. ముఖం నిండా మట్టి. ఏడవడం లేదు. చేత్తో చుట్టూ తడుముతోంది.

"గుంతన్నావు. పెద్దడుగే వేశానురా."

"అక్కా, కదలకు. కదలకు."

"ఇదేంటి ఇంత లోతు? ఎవరు తవ్వార్రా?"

అతను ఆమె ముఖం మీది మట్టి తుడిచాడు. "నేనే" అన్నాడు.

"అడ్డం ఏం పెట్టలేదా?"

"రిబ్బను కట్టించాను."

ఆమె మెల్లగా అంది. "రిబ్బను కళ్లున్నోళ్లకి కదరా."

గట్టు మీదికి జనం చేరారు. ఎవరో నిచ్చెన తెచ్చారు. ఆమెను పైకి ఎత్తుతున్నంతసేపూ అతను భుజం పట్టుకునే ఉన్నాడు. ఆమె ఆ చేతిని తీసెయ్యలేదు, పట్టుకోనూ లేదు.

ఆసుపత్రిలో ఎముకల డాక్టరు చుట్టూ తిప్పకుండా చెప్పేశాడు. రాడ్డు వేస్తాం, నడుస్తుంది, పరుగు మాట మర్చిపోండి. అక్క తలూపి, "ఎడం కాలు బాగానే ఉంది కదండీ?" అంది. డాక్టరు నవ్వాలో వద్దో తెలీక బయటికి వెళ్లిపోయాడు.

ఇంటికి తెచ్చాక ఆమె మంచం ముందుగదిలో వేశారు. పొద్దున్నే మేస్త్రీ చప్పుడు కాకుండా బూట్లు వేసుకుంటూ ఉంటే ఆమె గొంతు లేచింది.

"ఎక్కడికి?"

"పరిగెత్తడానికి."

"ఇప్పుడు ఎవరి కోసం?"

తేదీ లేదు, పతకం లేదు, తాడు అవతల మనిషి లేదు. మళ్లీ ఎప్పుడైనా ఎవరైనా ముందు పోతుంటే, ఒక పూర్తి మాట అరిచేంత ఊపిరి తన దగ్గర ఉండాలి. అంతకు మించి అతనికేమీ తోచలేదు. అది పైకి చెబితే ఏడుపొస్తుందని బయల్దేరాడు.

తిరిగొచ్చేసరికి అక్క మెలకువగానే ఉంది. "ఇలా రా" అని చెయ్యి చాచి అతని ఛాతీ మీద పెట్టింది. ఊపిరి ఎగిసిపడటాన్ని కాసేపు వింది.

"ఇది సగం దారి ఊపిరి. పూడ్చిన చోటు దాకా వెళ్లి తిరిగొచ్చేశావు."

"కాళ్లు రాలేదక్కా."

"నా కాళ్లయితే వచ్చేవి."

అతను తల వంచుకున్నాడు. ఓదారుస్తుందేమోనని ఆశపడ్డాడు. ఆమె ఓదార్చలేదు.

"రేపు దాటు," అంది. "దాటావో లేదో నాకు తెలుస్తుంది."

చెయ్యి వెనక్కి తీసుకుని ముఖం గోడవైపు తిప్పుకుంది.