నొప్పి మొదలైన సమయం

"ఒక్క గంటే అయిందండీ. నొప్పి అనగానే కారెక్కించి తీసుకొచ్చేశాను," అన్నాడు ఆమె భర్త, పెద్ద ఘనకార్యం చేసినవాడిలా.

మంచం మీద ఒంటినిండా వైర్లతో పడుకున్నది ఆమె. గుండెపోటని ఇందాకే తేల్చారు. అయినా డాక్టరమ్మ ప్రశ్నలు ఆమెను దాటి ఆయన దగ్గరికే వెళ్తున్నాయి. షుగరా? లేదు. బీపీ? అబ్బే. ఇంతకుముందెప్పుడైనా ఇలా వచ్చిందా? ఛ, రాయిలాంటి మనిషండీ. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో తన గురించి ఆయన ఇంత ధారాళంగా మాట్లాడటం ఆమె వినడం ఇదే మొదటిసారి. తెలియని విషయమైతే చాలు, ఈయన నోటికి పట్టపగ్గాలుండవు. మూడేళ్ళుగా ఆమె షుగర్ మాత్రలు వంటింట్లో టీపొడి డబ్బా పక్కనే ఉంటున్నాయి. ఆమె దాచింది లేదు. వంటింట్లోకి అడుగు పెట్టిన ఎవరికైనా కనిపిస్తాయి. ఆయన పెడితేగా.

నొప్పి పొద్దున ఆరింటికి మొదలైంది. దవడ దాకా లాగుతోందని చెబితే పేపరు దించకుండానే, "గ్యాస్. మాత్ర వేసుకో. అక్కయ్య వాళ్ళు పన్నెండింటికల్లా వస్తారు," అన్నాడు. ఎనిమిది మందికి వంట. చెమట తుడుచుకుంటూ కూరలు తరిగింది, గోడ పట్టుకుని వడ్డించింది. ఆడపడుచు చెయ్యి కడుక్కుంటూ, ముఖం అలా పెట్టుకుని వడ్డిస్తే తిన్నది ఒంటబట్టదమ్మా అంది. గిన్నెలు తోముతూ కూలబడ్డాక గానీ ఆయనకు కారు తాళాలు గుర్తు రాలేదు. అప్పటికి రెండయింది.

ఆమె వేరే ఆసుపత్రిలో రికార్డు గది గుమాస్తా. కాగితాలు సర్దే ఉద్యోగమని ఆయన చుట్టాల ముందు ఇకిలిస్తుంటాడు. పదకొండేళ్ళు ఆ కాగితాలు సర్దిన మనిషికి కొన్ని సంగతులు తెలుస్తాయి. గుండెపోటుతో చేరిన వాళ్ళలో ఎవరి గుండె లయ తప్పొచ్చో, ఎవరి ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చో అంచనా వేయడానికి డాక్టర్లు వయసు, షుగర్, బీపీ, పాత నొప్పులు చూస్తారు, ఎన్ని గంటలు ఆలస్యమైందో మరీ మరీ చూస్తారు. ఆడవాళ్ళ కేసు షీట్లలో చాలావాటి మీద ‘సమాచారం ఇచ్చినవారు: భర్త’ అని ఉండేది. ఆలస్యం ఎప్పుడూ ఒక గంటే. ఆ ముఖం తెలియని మొగుళ్ళను ఆమె మనసులోనే తిట్టుకునేది. ఇప్పుడు తన షీటూ అలాంటి కట్టలోకే చేరబోతోంది.

ఆయన వంగి, "నువ్వేం మాట్లాడకు, ఆయాసమొస్తుంది. నేను చూసుకుంటున్నాగా," అన్నాడు మెల్లగా. నుదుటి మీద చెమట. అది ఆమె కోసం పట్టింది కాదు, ఆరింటి సంగతి బయటపడుతుందని పట్టింది. ప్రాణం పోయినా సరే, ఈయన పరువు ఇస్త్రీ నలక్కుండా ఉండాలన్నమాట. ఆమెకు కోపం కూడా రాలేదు. ఇన్నేళ్ళూ ఈయనకా భయపడ్డానని తన మీద తనకే రోత పుట్టింది.

"డాక్టరుగారూ, రోగిని నేను. నన్నడగండి," అంది.

ఆరింటికి మొదలైందని చెప్పింది. మూడేళ్ళ షుగర్, పోయిన నెల మెట్లెక్కుతూ రెండుసార్లు వచ్చిన నొప్పి, ఆగి ఆగి అన్నీ చెప్పింది. డాక్టరమ్మ కలం ఆగిపోయింది. తొమ్మిది గంటలా అని మళ్ళీ అడిగి నిర్ధారించుకుంది. ఆయన చెప్పిన జవాబులన్నీ కొట్టేసి మళ్ళీ రాసి, నర్సుల బల్లకు ఎదురుగా ఉన్న మంచానికి మార్చమంది, ఒక్క నిమిషం కూడా కన్ను తిప్పొద్దని చెప్పింది. ఆయన్ని బయట కూర్చోమంది.

"ఆ సమాచారం ఇచ్చినవారు అన్నచోట కూడా మార్చండి," అంది ఆమె. డాక్టరమ్మ ‘భర్త’ కొట్టేసి ‘రోగి’ అని రాసింది.

ఆయన తలుపు దగ్గర ఆగాడు. భోజనాలయ్యాక ఉన్నట్టుండి వచ్చిందని ఇంట్లో ఉన్న అక్కకు అంతకుముందే ఫోన్ చేసి చెప్పేసి ఉన్నాడు.

"ఇప్పుడు అక్కయ్యకేం చెప్పను?" అన్నాడు.

"ఆరింటికే వచ్చిందని చెప్పండి. వడ్డించేటప్పుడు నా ముఖం అలా ఎందుకుందో ఆవిడకీ తెలుస్తుంది."