ఊడని కుట్టు

త్రినాథరావు దారం పంటితో కొరికి, మిషను చక్రం మీద అరచెయ్యి ఆనించాడు. పొద్దుటినుంచి ఇది రెండో సీటు. గోధుమరంగు రెక్సిను, రెండు వరసల నైలాన్ దారం. ముప్పై ఏళ్లు మిషను మీద వంగి వంగి అతని కుడిభుజం కిందికి జారిపోయింది. ఎడమ చూపుడువేలి కొస సూదిపోట్లతో జల్లెడ.

యూసుఫ్‌గూడ సందులోని ఆ షాపుకి జూబ్లీహిల్స్ కార్లు కూడా వస్తాయి. హైటెక్ సిటీ ఉద్యోగాలు పెరిగాక కార్లూ పెరిగాయి, సీటు కవర్లూ పెరిగాయి. అంతకుముందు అతను ఫిల్మ్‌నగర్‌లో ఫైటింగు చొక్కాలు కుట్టేవాడు. హీరో రొమ్ము విరిచేసరికి చొక్కా భుజం దగ్గర పర్రున చినగాలి. ఆ క్షణం దాకా ఒక్క పోగు కదలకూడదు. ఒంటి నూలుదారంతో ఎడంగా కుట్టాలి. ఒక్క టేకులో చినిగితే డైరెక్టరు "మాస్టర్ చెయ్యి" అనేవాడు. సినిమాలకీ రెడీమేడ్లు వచ్చాక ఆ చెయ్యి సీట్లకు దిగింది. ఇక్కడ చినక్కూడదు. అదీ అంత బాగానే నేర్చుకున్నాడు.

పదకొండు గంటలకు షెడ్డు మెకానిక్ లక్ష్మయ్య ఆటోలోంచి ఒక కారు సీటు దింపాడు.

"మాస్టరూ, గీ కవరు నీదే కదా? సీటు ఖరాబైంది గని కవరు మంచిగుంది. ఇప్పి ఇస్తె ఇంకో బండికి పనికొస్తదట."

తెల్లరంగు మీద ఎర్ర అంచు. త్రినాథరావు వెంటనే గుర్తుపట్టాడు. స్ఫూర్తి అని, సాఫ్ట్‌వేర్ అమ్మాయి. మొదటి జీతాలతో కొన్న కారు. ఇదే స్టూలు మీద కూర్చుని ఎర్ర అంచు కావాలని పట్టుబట్టింది. "ఊడిపోదు కదా బాబాయ్ గారూ?" అని అడిగింది. "నే కుట్టింది ఊడదమ్మా" అన్నాడు తను.

"ఆ అమ్మాయేదీ?"

"ఇంకేడుంది? నీళ్ల ట్యాంకర్ పక్కనుంచి వచ్చి గుద్దింది. రెండు దినాలు దవాఖానల ఉండి పోయింది."

త్రినాథరావు కుట్టు విప్పసాగాడు. విప్పడానికి అరగంట పట్టింది. కవరు కింద, తలుపు వైపు, సీటు పొట్ట పగిలి ఉంది. అందులోంచి తెల్లని సంచి ఒకటి సగం ఉబ్బి, నలిగి, అక్కడే ఇరుక్కుపోయింది.

"గుద్దంగనే రెప్పపాటుల గ్యాసు నిండి గీ ఎయిర్‌బ్యాగు సంచి బయటికి రావాలె. మనిషికీ తలుపుకీ నడుమ మెత్త లెక్క నిలవాలె," అన్నాడు లక్ష్మయ్య. "గందుకే కంపెనోడు గాడ కుట్టు కచ్చగ ఏస్తడు, పటుక్కున తెగాలని. నీ కుట్టు తెగలే." సంచి కొసను వేలితో తట్టి, "వచ్చినా బతికేదో లేదో, ఎవలకెరుక," అన్నాడు.

సీటు పక్కన చిన్న గుడ్డముక్క వేలాడుతోంది. దాని మీద కూర్చున్న మనిషి బొమ్మ, పక్కన బంతి. ఈ కవరు కుట్టిన రోజు అది ఏమిటని షాపు యజమాని ఓంప్రకాష్‌ను అడిగాడు. కంపెనీ గుర్తు, లోపలికి మడిచెయ్యమన్నాడు. మడిచేశాడు. ఆ బంతి ఈ సంచేనని ఇప్పుడు తెలిసింది. ఇంత గట్టిగా కుట్టినందుకు ఇన్నేళ్లలో అతన్ని ఎవరూ తిట్టలేదు.

లక్ష్మయ్య వెళ్లాక గోధుమరంగు సీటు ఒళ్లోకి లాక్కున్నాడు. దానికీ అలాంటి గుడ్డముక్కే ఉంది. ఆ పక్క నైలాన్ అంతా విప్పి, నూలుదారం ఎక్కించి, ఎడంగా కుట్టాడు. చెయ్యి ఏదీ మరిచిపోలేదు. గుడ్డముక్క బయటికి కనపడేలా చీలిక వదిలాడు.

మూడు గంటలకు ఆ సీటు తాలూకు కారాయన వచ్చాడు. ఓంప్రకాష్ అలవాటు ప్రకారం కుట్టులో వేళ్లు దూర్చి లాగి చూపించాడు. పర్రుమంది. ఒక్క టేకు.

"ఏంది మాస్టరూ గిది? కండ్లు పోయినయా?"

"అక్కడ చినగాలండీ. లోపల సంచి ఉంటుంది. ఆ ఎర్ర అంచు అమ్మాయి..."

"సంచి లేదు గించి లేదు. చినిగే కవరుకు పైసలెవడిస్తడు?"

కారాయన ఫోనులోంచి తలెత్తి, "డబుల్ స్టిచ్ వేయించండి. నాలుగింటికి నాకు మీటింగుంది," అన్నాడు.

"ఇన్నవు కదా. కుట్టు."

"నేను కుట్టనండీ."

"అయితె పో. సినిమా చొక్కాలు కుట్టుకో."

త్రినాథరావు కత్తెర గుడ్డలో చుట్టుకున్నాడు. టేపు మెడలోనే ఉంది. ఎవరూ ఆగమనలేదు. సందు మలుపు దాటకముందే వెనక తన మిషను మోగింది. పక్క మిషను మీద కుట్టే పుష్పవల్లి కూర్చున్నట్టుంది. నిదానమైన చెయ్యి. మొదటి వరస అయింది, రెండోది మొదలైంది.

మిషను కింద దారాల తుక్కులో, ఎబ్బెట్టుగా కనపడుతోందని ఓంప్రకాష్ కత్తిరించేసిన గుడ్డముక్క వెల్లకిలా పడి ఉంది. దాని మీద మనిషి ఇంకా కూర్చునే ఉన్నాడు, పక్కన బంతితో.