ఎల్లాజీ దాహం

జాలరిపేటలో సాయంత్రమయ్యేసరికి ఆడవాళ్ళకి రెండు పనులుంటాయి. మిగిలిన చేపలకి ఉప్పు పట్టించడం, సముద్రంలో మునిగి చనిపోయినవాళ్ళ కోసం గుమ్మం బయట కుండతో మంచినీళ్ళు పెట్టడం. పోర్టు బయట ఆగిన ఓడల్లో దీపాలు వెలిగే వేళకి వాళ్ళు తడిబట్టలతో వస్తారు. ఎవరింటి నీళ్ళు వాళ్ళు తాగి, మాటా పలుకూ లేకుండా వెళ్ళిపోతారు. పిల్లలు వాళ్ళని తప్పుకుని ఆడుకుంటారు.

తాయారు మొగుడు ఎల్లాజీ కూడా అలాగే వచ్చేవాడు. ఆమె బాప్తిస్మం తీసుకుని, గంగమ్మ పండక్కి ఘటం ఎత్తనన్నాక పేట ఆమెని వెలేసింది. పక్కింటి వరహాలమ్మకి అదీ చాల్లేదు. దేవుణ్ణి మార్చుకున్నదాని మొగుడు ఇక ఈ ఒడ్డువాడు కాడని తనకి తనే తీర్మానించేసుకుని, రోజూ తాయారు పెట్టిన కుండని కాలితో తన్నేసేది. ఎల్లాజీ ఎండిన నాలుకతో కాసేపు నిలబడి వెళ్ళిపోయేవాడు. తాయారుకి కడుపు మండిపోయేది. మండినా, ప్రార్థనలో వరహాలమ్మ పేరు తలవడం మాత్రం మానలేదు.

ఒకనాడు ఎల్లాజీ తన గుమ్మం దగ్గర ఆగలేదు. వరహాలమ్మ వాకిట్లోకి వెళ్ళి, దండెం మీద ఆరేసిన చందు చొక్కాని నోట్లో పెట్టుకుని తడి పీల్చడం మొదలెట్టాడు. చందు ఆమెకి ఒక్కగానొక్క కొడుకు, పొద్దున్నే చేపల వేటకి వెళ్ళాడు. దాహంతో ఉన్నవాడు ఎవరి బట్ట తడారేదాకా పీలిస్తే వాళ్ళిక తిరిగి రారని పేటంతటికీ తెలుసు. చందు ఫోను కలవడం లేదు.

"తాయారూ! మీ ఆయన్ని పిలుసుకోయే! నా బిడ్డ సముద్రంలో ఉన్నాడే!"

తాయారు చెంబుతో నీళ్ళు పట్టుకుని వచ్చింది. మూగినవాళ్ళు ఆమె నవ్వుతుందేమోనని చూశారు. నవ్వలేదు.

"మావా, ఆ సొక్కా ఒగ్గీ. ఆ కుర్రోడు నిన్నేటి సేసేడు?"

ఎల్లాజీ వరహాలమ్మ వైపు వేలు చూపించాడు.

"నాకూ కోపమే మావా. సిలువ మీద నా పెబువు దాహమంటే పులిసిపోయిన సిరకా ఇచ్చినారు. ఆళ్ళనే సెమించమన్నాడు. నాను ఆయన బిడ్డనే కదా."

పగ వదిలేసి నీళ్ళు తాగినవాడు మళ్ళీ ఒడ్డుకి రాడు. అది తాయారుకి అందరికంటే బాగా తెలుసు. అయినా అతని చల్లటి చెంప పట్టుకుని చెంబు పెదాలకి ఆనించింది. ఎల్లాజీ ఆమెనే చూస్తూ తాగాడు. గుటక గుటకకీ పలచబడ్డాడు. చివరికి ఆమె చేతిలో ఖాళీ చెంబు, కింద తడినేల మిగిలాయి.

కాసేపటికి చందు తడిసి ముద్దై వచ్చాడు. "పడవలోంచి పడిపోనానమ్మా. ఎవరో కిందనుంచి సేతుల్తో ఎత్తి మళ్ళీ పడవలో పడేసేరు."

వరహాలమ్మ కొడుకుని వదిలి, పేట వెలేసిన ఇంట్లోకి నడిచి, నేల మీద చతికిలబడింది.

"ఎల్లాజీ మరి రాడేటే?"

"రాడొదినా."

వరహాలమ్మ భోరుమంది. ఆమె తలని ఒళ్ళోకి లాక్కుని, అప్పుడు తాయారు కూడా ఏడ్చింది.