తాబేలు కాళ్లు

“కాళ్లు ఎవురు సూస్తారు? వీపు సూస్తారు, దండం పెడ్తారు, పోతారు,” అని కృష్ణమ్మ మూడోసారి అంది. పొద్దున కాఫీలప్పుడు మొదలైన వాదన ఇంకా తెగలేదు.

“దండం పెట్టేదానికి అదేమన్నా గుడా మా?” అన్నాడు కొడుకు కిరణ్.

కృష్ణమ్మ భర్త గురవయ్య షెడ్డులో నల్లరాతి తాబేలు ముందు గొంతుక్కూచుని ఉన్నాడు. అరవైకి దగ్గరపడిన మనిషి. కుడి బొటనవేలి గోరు ఏనాడో సుత్తిదెబ్బకు పోయి మళ్లీ రాలేదు. ముప్పై ఏళ్లుగా ఆళ్లగడ్డలో గుళ్లకు కూర్మాలు చెక్కుతున్నాడు. ప్రతిదానికీ నాలుగు కాళ్లు, కాలికి ఐదు గోళ్లు.

ఈ రాయి సముద్రం ఒడ్డున నిలబెట్టేది. సముద్రపు తాబేళ్లు ఒక దేశం ఇసుకలో పుట్టి మరో దేశం నీళ్లలో తిరుగుతాయట. అందరం కలిసి కాపాడుకుందామని నాలుగు దేశాలవాళ్లు చేరే చోట, గుర్తుగా పెడతారు. పని అప్పగించిన వందన మేడం కవరులో ఆ తాబేలు ఫోటో ఇస్తే, “కూర్మం మాకు కొత్తేం గాదమ్మా” అని అతను కవరు విప్పకుండానే బీరువా మీద పడేశాడు.

నిన్న కిరణ్ పంపిన, చెక్కిన రాయి ఫోటో చూసి ఆమె ఫోన్ చేసింది. “ఇది నేల తాబేలండీ. సముద్రపు తాబేలుకు ఇలాంటి కాళ్లుండవు, తెడ్లలాగా ఉంటాయి. ఫోటో ఇచ్చాను కదా?”

“కాళ్లు మా ఖాజా పీర్ చెక్కినాడు మేడం. వానికి తెలీక...” గురవయ్య నోరు దానంతటదే అనేసింది.

ఖాజా పీర్ నాలుగడుగుల దూరంలో తాబేలు వీపు మీద నీళ్లు పోసి పాలిషు రాయితో రుద్దుతున్నాడు. పద్దెనిమిదేళ్లుగా అతని పని రాతికి నునుపు తేవడమే. ఉలి పట్టి ఎరుగడు. అప్పుడు తలెత్తలేదు. సాయంత్రం చేతులు కడుక్కుంటూ అన్నాడు.

“సముద్రం నువ్వూ సూల్లే, నేనూ సూల్లేన్నా. ఆ ఫోటో నాకు సూపిచ్చింటే సూస్తాంటి.”

ఈరోజు రాలేదు. మధ్యాహ్నం అతని భార్య మైమూనా వాకిట్లోనే నిలబడి చెప్పింది.

“ఆయప్ప నంద్యాలకు పోయినాడు. బండల అంగట్లో పని కుదిరిందంట.” కూర్చోమన్నా కూర్చోలేదు.

“పోతే పోనీ, ఇంగొకడు దొరకడా?” అంది కృష్ణమ్మ, అన్నం వడ్డిస్తూ. కోడలు సుష్మ మామ ముఖం చూసి గిన్నె కింద పెట్టింది. గురవయ్య కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

“కాళ్లు చెక్కింది నేనే అని మేడంకు చెప్తా,” అన్నాడు మెల్లగా. “ఇంగో రాయి తెచ్చి మొదట్నుంచి చెక్కుతా.”

“పరువు పోతాది!” అంది కృష్ణమ్మ.

“పోయేది నిన్ననే పోయిందిలే. ఇప్పుడు నంద్యాల బస్సెక్కుతాండా. వాడు తిరిగొచ్చినా, రాకున్నా, వాని ముందరే నిలబడి ఫోన్ చేస్తా.”

షెడ్డులో, తాబేలు వీపు మీద, ఖాజా పీర్ వేళ్ల ఒత్తిడికి నాలుగు పల్లాలు పడిన పాలిషు రాయి తడి ఆరి తెల్లబడి ఉంది.