మార్కు అరచేయి

ఈసారి కూటంలోనైనా భర్త మార్కు మధ్యలో లేచి వెళ్లకుండా కొడుకు పాట చివరిదాకా వినాలని సుగుణమణి కోరిక. అంతకు మించి ఆమె దేవుణ్ణి ఏమీ అడగడం లేదు.

కొడుకు శాంతిరాజ్ జ్వరమొచ్చి పోయి నాలుగేళ్లు. చర్చిలో వాడు పాడిన పాట ఒకటి కంప్యూటర్‌లో మిగిలింది. ఏటా ఆ రోజున ఇంట్లో జ్ఞాపకార్థ కూటం పెట్టి, పాస్టరు అయ్యగారి ప్రార్థన అయ్యాక ఆ పాట వేస్తారు. పాట ఎత్తుకోగానే మార్కు చెవులు మూసుకుని వాకిట్లోకి నడుస్తాడు. రాతిగుండె అని చూసినవాళ్లు అనుకున్నారు. కాదు. బొగ్గు గనిలో పేలుళ్ల మోతకు చెడిన చెవులు ఆయనవి. మామూలు మాట అందదు. సన్నటి చప్పుడు మాత్రం సూదిలా దిగుతుంది. కంప్యూటర్‌లోంచి వచ్చే కొడుకు గొంతు కూడా ఆయనకు సూదే.

ఆ సంగతి విని ఉపేందర్ జ్యోతినగర్ నుంచి స్కూటర్ మీద ఒక డబ్బా తెచ్చాడు. శాంతిరాజ్‌తో చదువుకున్నవాడే, ఇప్పుడు కరెంటు ప్లాంటులో ఇంజినీరు. డబ్బా నెత్తిన రెండు గాజు వాల్వులు, పాతకాలం రేడియోలో ఉన్నట్టే.

"కంప్యూటర్ల పాట అంకెలల్ల ఉంటది చిన్నమ్మా. గా అంకెలను మల్ల పాట చేసి స్పీకర్‌కు పంపుతది ఇది. వాల్వులు గదా, గొంతు మెత్తగైతది. మీకు నప్పితే ఉంచుకోండ్రి, లేకుంటే నా డబ్బా నాకియ్యుండ్రి. కూటం రోజు లోపల తేల్చుండ్రి."

"దీపాలు పెట్టినట్టున్నది గదరా! పాట విననీకా, చలి కాగనీకా?" అంది సుగుణమణి.

వాల్వులు ఎర్రబడ్డాక కూతురు సుజిత పాట పెట్టింది. ఆమె స్కూల్లో టీచరు, చెవి చురుకు.

"మాటలు జర మసకైనయన్నా. కని గొంతు... పక్కన కూసొని పాడినట్టే ఉన్నది," అంది.

సుగుణమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరూ మార్కు వైపు చూశారు. ఆయన చెవులు మూసుకోలేదు. కానీ ముఖం పాలిపోయింది. కళ్లు పైకప్పు మీదికి పోయాయి.

"బంద్ చెయ్యి! జల్ది బంద్ చెయ్యి!"

గనిలో మార్కుది కప్పు చూసే పని. బొగ్గు ఎత్తేవాళ్లు లోపలికి రాకముందే ఇనుప కడ్డీతో కప్పు తట్టి వినాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది. వదులైన కప్పు డొల్లగా, లావుగా మోగుతుంది. అంతెందుకు, ఈ ఇల్లు కట్టినప్పుడు కూడా స్లాబంతా తట్టిగానీ లోపల కాలు పెట్టలేదు. మేస్త్రీ మొగిలి పడీ పడీ నవ్వాడు.

"గిది డొల్ల మోగుడు," అన్నాడు మార్కు. "కూలే ముందు కప్పు గిట్లనే మోగుతది. నా కొడుకు గొంతుల గా మోగుడు నాకొద్దు. తీస్కపో బిడ్డా."

"సరే కాకా," అని ఉపేందర్ తల వంచుకుని వైర్లు ఊడదీయబోయాడు.

సుగుణమణి లేచి భర్త ఎడమ చేయి పట్టుకుంది. పెళ్లయిన కొత్తలో గని పని గురించి ఆయన చెప్పింది ఆమె మరిచిపోలేదు. ఆయన చెవి దగ్గరికి వంగి గట్టిగా అడిగింది:

"ఏమయ్యా, ఉత్త చెవితోటే కప్పు చూసినవా ఎన్నడన్న? చెయ్యి ఆనియ్యకుండనే మందిని లోపలికి తోలినవా?"

"గట్లెట్ల తోల్త?" మార్కుకు కోపం వచ్చింది. "కుడిచేత కడ్డీ, ఎడమచెయ్యి కప్పుకు. చెవి మోసం చేసినా అరచెయ్యి చెయ్యది. కప్పు వదులుంటే చెయ్యి కింద అదురుతది."

"మరి ఆనియ్యి. నా కొడుకును చెయ్యి పెట్టి చూడకుండనే కూలుతడంటివి."

మార్కు ముందుకు జరిగాడు. స్పీకర్ చెక్క మీద అరచేయి పరిచాడు. సుజిత పాట మళ్లీ మొదటి నుంచి పెట్టింది.

చెక్క సన్నగా వణికింది. చరణం మధ్యలో ఆగింది. మళ్లీ వణికింది.

"ఊపిరి తీసుకుంటున్నడు," అన్నాడు మార్కు. "డొల్ల అదురుడు లేదు. గట్టిగనే ఉన్నడు."

ఉపేందర్ వైర్ల మీంచి చేయి తీసేశాడు.

కూటం రోజు అయ్యగారి ప్రార్థన కాగానే మార్కు తన కుర్చీ స్పీకర్ పక్కకు జరుపుకున్నాడు. పాట నడుస్తుంటే పక్కింటి లస్మవ్వ సుగుణమణి చెవిలో గొణిగింది:

"మాటలు సరిగ తెలుస్తలేవక్కా."

"మాటలు మాకెరికేనే లస్మవ్వా," అంది సుగుణమణి.

పాట అయిపోయింది. జనం భోజనాలకు లేచారు. సుజిత డబ్బా ఆపబోతే తల్లి సైగతో వారించింది. మార్కు అరచేయి ఇంకా చెక్క మీదే ఉంది.