మొదటి అరగంట

సినిమా హాల్లో ఇరవై ఆరేళ్ళు పనిచేసిన మనిషి ఒక్క సినిమా కూడా మొదటినుంచీ చూడలేదంటే ఎవరు నమ్ముతారు? నమ్మకపోతే పోండి. బుకింగాయన సంగతి మాత్రం అక్షరాలా అదే.

ఆయన కూర్చునేది టిక్కెట్ల గదిలో. ముందు ఊచలు, ఊచల వెనక అద్దం, అద్దం అడుగున చెయ్యి పట్టేంత కంత. మ్యాట్నీ రెండున్నరకి మొదలవుతుంది. మూడు దాకా ఆలస్యంగా వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు. వచ్చిన ప్రతివాడూ రొప్పుకుంటూ, "సినిమా మొదలైందా?" అని అడుగుతాడు. "లేదు, మీకోసమే ఆపాం" అంటాడు బుకింగాయన తలెత్తకుండానే. మూడింటికి కిటికీ మూసి, టిక్కెట్టు పుస్తకాలు సొరుగులో పెట్టి తాళం వేసి, పక్కతలుపులోంచి హాల్లోకి వెళ్ళేసరికి తెరమీద ఎవరో ఒకరు అప్పటికే ఏడుస్తూ ఉంటారు. ఎందుకేడుస్తున్నారో ఈయనకు తెలియదు.

అలాంటివాడికి ఏడాదికి పది మంచి సినిమాలు ఎంచే పని ఎవరప్పగించారని అడుగుతారేమో. ఎవరూ అప్పగించలేదు, ఆయనే నెత్తినేసుకున్నాడు. డిసెంబరు మూడో వారం రాగానే ఒక తెల్లకాగితం మీద ఒకటి నుంచి పది దాకా రాసి, అద్దానికి లోపలివైపు నుంచి అంటిస్తాడు. సినిమాలకి నిర్మాతలు పెట్టుకున్న పేర్లతో ఆయనకి పనిలేదు. "కవలపిల్లల సినిమా", "గుర్రం సినిమా", "ఆఖర్న అందరూ చచ్చే సినిమా" అని తనకు తోచినట్టు రాసుకుంటాడు. జనం ఆగి చదివి, నవ్వేవాళ్ళు నవ్వి, తిట్టేవాళ్ళు తిట్టి, టిక్కెట్టు కొనుక్కుని లోపలికెళ్తారు. ఎవరెంత వాదించినా తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాడు తప్ప ఒక్క అంకె మార్చేవాడు కాదు. చివరికి మేనేజరు కూడా ఏడాదిలో ఆఖరి ఆదివారం పొద్దుటాటగా ఆ జాబితాలో మొదటి సినిమానే వేయించడం అలవాటు చేసుకున్నాడు.

మరి మొదటి అరగంట చూడకుండా ఎలా ఎంచుతాడు? ఆ అరగంట ఆయన భార్య చూసేది.

ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టేది. శనివారం ఒంటిగంటకే వదిలేస్తారు కాబట్టి, కొత్త సినిమా వచ్చిన మొదటి శనివారం మ్యాట్నీకి వచ్చి, వెనకనుంచి మూడో వరసలో గోడవారగా కూర్చునేది. పక్క కుర్చీ ఆయనకి. ఆయన చీకట్లో తడుముకుంటూ వచ్చి కూర్చుని, "ముందేమైంది?" అని గొణిగేవాడు. "ఇంటర్వెల్ దాకా నోరు మూసుకుని చూడండి, చెప్తాను" అనేది ఆవిడ. చచ్చినా మధ్యలో ఒక్క ముక్క చెప్పేది కాదు. ఇంటర్వెల్లో వసారాలో చెరో టీ పట్టుకుని నిలబడి, ఆ పదిహేను నిమిషాల్లో జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేది. "ఓహో, అదా సంగతి! అందుకా వాడు రాత్రిపూట తలుపు గడియ పెట్టుకోనిది!" అని ఈయన తొడ చరుచుకునేవాడు. టీ చొక్కామీద ఒలికేది. "మీరు టీ తాగరు, చొక్కాకి తాగిస్తారు" అని ఆవిడ కసిరేది.

ఆవిడ మొన్న జూన్‌లో పోయింది. మంగళవారం జ్వరమంది, శుక్రవారానికి మనిషి లేదు. పిల్లలా లేరు. ఈయన మూడురోజులు సెలవు పెట్టి నాలుగో రోజు వచ్చి కిటికీ తెరిచాడు. ఇంట్లో కూర్చుని చేసేదేముంది? బీరువాలో ఆవిడ మడతపెట్టిన దుప్పట్లు నాలుగున్నాయి, అంచుకి అంచు కలిపి. విప్పితే మళ్ళీ అలా మడవడం తన వల్ల కాదని, చలికాలం వచ్చినా కప్పుకోకుండానే పడుకున్నాడు.

జూన్ తర్వాత కూడా ప్రతి సినిమాకీ మూడింటికి వెళ్ళి అదే కుర్చీలో కూర్చున్నాడు. తెరమీదవాళ్ళు ఎందుకు కొట్టుకుంటున్నారో తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించేది కాదు. దారినపోయేవాళ్ళ తగువు చూసినట్టు చూసి, ఇంటర్వెల్లో ఒక్క టీ తాగి వచ్చేవాడు.

డిసెంబరు వచ్చింది. కాగితం తీసుకుని కూర్చుంటే ఆరు సినిమాలు తేలాయి. ఆరూ జూన్ లోపువే. ఏడో అంకె దగ్గర కలం ఆగిపోయింది. ఆ జాబితా ఇన్నేళ్ళుగా ఇద్దరూ కలిసి చేసిన పని. ఈ ఏడు దాన్ని పదికి తేలేకపోతే వచ్చే ఏడు అసలుండదని ఆయనకి తెలుసు. ఆవిడతోపాటు అదీ పోతుంది. ఎంత తన్నుకున్నా ఏడోది తేలలేదు. ఆరింటినే రాసి అంటించాడు.

ఆ కాగితం ముందు మొదట ఆగింది డ్రాయింగు మాష్టారు. ఏ సినిమా వచ్చినా మొదటి టిక్కెట్టు కొనేది ఆయనే. రిటైరయ్యాక ఆయనకి సినిమాలు చూడటం, బుకింగాయనతో తగువు పెట్టుకోవడం తప్ప వేరే పనిలేదు.

"ఏవయ్యా, జూన్ తర్వాత సినిమాలు తియ్యడం మానేశారా?"

"మానేసినట్టే మాష్టారూ."

"ఆరు రాసి జాబితా అంటావా? ఆ మొదటిదేంటి, వంతెన సినిమానా? హవ్వ! అందులో ఏముందయ్యా?"

"మీకు కనపడదు లెండి" అని చిల్లర అందించాడు బుకింగాయన.

వంతెన సినిమా ఇద్దరూ కలిసి చూసిన ఆఖరి సినిమా. వంతెన దగ్గర గేటు కాపలాకాసే కుంటి అన్న, ఎన్నో ఏళ్ళకి వెతుక్కుంటూ వచ్చిన తమ్ముడు. అన్న అతనితో ఒక్క మాట మాట్లాడడు. ఆఖర్న తమ్ముడు వెళ్ళిపోతుంటే, అన్న అతని కాళ్ళకేసి చాలాసేపు చూసి, గేటు ఎత్తుతాడు. అంతే సినిమా. కానీ ఇంటర్వెల్లో ఆవిడ చెప్పిన మొదలు వేరే. చిన్నప్పుడు ఇద్దరికీ కలిపి ఒకటే చెప్పుల జత. వరదకి ఊరొదిలి వెళ్తూ అన్న ఆ జత తమ్ముడికి తొడిగి, తను రాళ్ళమీద రెండురోజులు నడిచాడు. కాలు పుండుపడి కుంటివాడయ్యాడు. తమ్ముడు ముందు పరిగెత్తాడే గానీ ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు. ఇది తెలిశాక, ఆఖర్న ఆ అన్న తమ్ముడి కాళ్ళకేసి చూస్తుంటే బుకింగాయన చేతిరుమాలు తడిసిపోయింది.

ఆఖరి ఆదివారం ఆట ముందు మేనేజరు టిక్కెట్ల గదిలోకి తొంగిచూశాడు. "ఇవాళ్టికి బుకింగు నేను చూసుకుంటాను. నువ్వెళ్ళి పేర్ల దగ్గర్నుంచీ చూడు. ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా చూడవయ్యా" అన్నాడు. వద్దన్నా వినలేదు.

దీపాలారాయి. తెరమీద వంతెన వచ్చింది. వంతెనమీద పన్నెండుమంది డాన్సు చేశారు. పాట అయ్యాక అన్నదమ్ములిద్దరూ, నిలువెత్తు మనుషులు, తండ్రి ఇంట్లో వాటా కోసం అరుచుకున్నారు. తమ్ముడు మనుషుల్ని తెచ్చాడు. లారీమీద కొట్లాట. అన్న లారీ మీంచి పడ్డాడు, కాలు విరిగింది. వరద లేదు. పిల్లలు లేరు. చెప్పులు లేనే లేవు.

బుకింగాయన వెనక్కి తిరిగి ఆపరేటరు గదికేసి చూశాడు. వేరే సినిమా వేశారేమో అనుకున్నాడు. అరగంట దాటాక తను చూసిన సీన్లే వరసగా వచ్చాయి.

ఇంటర్వెల్ గంట కొట్టగానే వసారాలోకి వచ్చి గేటు దగ్గరున్న టార్చి బావని పట్టుకున్నాడు. ఆ ముసలాయన చీకట్లో టార్చి వేసి జనాన్ని కూర్చోబెడతాడు. ఆవిడ ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది కాబట్టి, ఈయనకి బావ అయ్యాడు.

"బావా, మీ చెల్లెలు నాకు చెప్పిన కథ ఈ సినిమాలో లేదు."

టార్చి బావ నీళ్ళు నమిలాడు. "పోయిన మనిషి... ఇప్పుడెందుకు బావా అవన్నీ?"

"చెప్తావా చెప్పవా?"

"ఆసుపత్రిలో డ్యూటీ మార్చి పదిహేనేళ్ళయింది. శనివారం కూడా రెండున్నర దాకా వదలరు. పాపం పరుగెత్తుకుంటూ వచ్చేది. నువ్వు కిటికీ మూసే పదినిమిషాల ముందు పక్కగేటులోంచి నేనే పంపేవాణ్ణి. 'అన్నయ్యా, ముందేమైంది?' అని నన్నడిగేది. గేటు దగ్గర నిలబడేవాణ్ణి, నాకేం తెలుసు?"

"మరి నాకు చెప్పినవన్నీ?"

"ఇంటర్వెల్ దాకా చూసి, దాన్నిబట్టి అల్లేది. వసారాలో నీకు చెప్తుంటే విని, ఎవర్నో అడిగి తెలుసుకుందేమో, నిజమే అని నేనూ అనుకునేవాణ్ణి. ఓసారి ఆపరేటర్ని అడిగితే, అలాంటి సీనే లేదు పొమ్మన్నాడు. 'ఎందుకమ్మా ఈ అబద్ధాలు, డ్యూటీ మారిందని చెప్పెయ్యరాదా' అన్నాను. 'ఆయన ఆటలన్నీ అయ్యి ఇంటికొచ్చేసరికి నేను నిద్రపోతాను అన్నయ్యా, నేను పనికెళ్ళేసరికి ఆయన నిద్రపోతుంటాడు. వారానికి మేం మాట్లాడుకునేది ఆ టీ తాగేసేపే. చెప్పడానికేం లేదంటే ఇంక నన్నేం అడుగుతాడు?' అంది. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఇదిగో, ఇవాళ తప్పాను."

బుకింగాయన మళ్ళీ లోపలికి వెళ్ళి ఆఖరి దాకా కూర్చున్నాడు. అన్న తమ్ముడి కాళ్ళకేసి చూసే సీను వచ్చింది. హాల్లో ఎవడూ కంట తడి పెట్టలేదు. ఒకడు ఆవలించాడు. ఆవిడ మాట లేకుండా చూస్తే అక్కడ నిజంగానే ఏమీ లేదు.

ఇంటికొచ్చాక కోపం వచ్చింది. పదిహేనేళ్ళు చెవిలో పువ్వు పెట్టింది! అంటే తను ఒకటో నెంబరు వేసిన పదిహేను సినిమాలూ ఎవరూ తియ్యని సినిమాలా? ఊరందరితో తగువులాడింది వీటికోసమా? గట్టిగా నాలుగు దులుపుదామంటే ఎదురుగా మనిషి లేదు. అసలు ఆ అరగంట తను ఏనాడైనా సినిమా కోసం అడిగాడా? ఆవిడ చెప్తుంటే వినడం బాగుండేది, అందుకే అడిగేవాడు. ఆ సంగతి ఆవిడతో ఒక్కసారన్నా అని ఉంటే ఆ పరుగు తప్పేది. అప్పుడు ఏడుపొచ్చింది. మంచం మీద కూర్చుని, జూన్‌లో కూడా ఏడవనంత ఏడ్చాడు.

పొద్దున్నే వచ్చి అద్దం మీది కాగితం పీకేశాడు. డ్రాయింగు మాష్టారు వచ్చి ఖాళీ అద్దం చూసి కంగారుపడ్డారు.

"ఏవయ్యా, నేనేదో నోటిదురదకి అన్నాను. దానికే తీసేస్తావా?"

"అందుక్కాదు మాష్టారూ. చూసే రాశానా నేను?" అని ఆయనకి చెప్పుల కథంతా చెప్పాడు. వరద, రాళ్ళు, పుండుపడ్డ కాలు, వెనక్కి తిరగని తమ్ముడు. కిటికీ ముందు ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డా ఆపలేదు. "ఇదంతా మా ఆవిడ కల్పించింది. సినిమాలో లేదు" అన్నాడు ఆఖర్న.

మాష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నా దగ్గరా అంతే డబ్బు తీసుకున్నారు కదయ్యా. మరి నాకా సినిమా చూపించలేదే?" అన్నారు. "తగిలించు. ఒకటో నెంబరు అదే ఉండనీ. మిగతా నాలుగూ కూడా నింపు. నేనేం అననులే."

కాగితం మళ్ళీ ఎక్కింది. నాలుగు ఖాళీలు మిగిలాయి, చేతిలో మూడు రోజులున్నాయి. బుకింగాయనకో ఆలోచన వచ్చింది. ఆవిడ చేసిన పనే తనూ చేస్తే? సగం చూసి మొదలు అల్లుకుంటే సరి. జూన్ తర్వాతి సినిమాలకీ ప్రాణం వస్తుంది, జాబితా పదికి చేరుతుంది. ఇన్నేళ్ళు విన్నాడు కదా, ఆ మాత్రం రాదా?

సంవత్సరంలో ఆఖరి రోజు మూడింటికి కిటికీ మూసి లోపలికెళ్ళాడు. తెరమీద ఒక నడివయసావిడ బస్టాపులో కూర్చుని ఉంది. ఎండ కాస్తోంది. ఆవిడ మాత్రం నిలువునా తడిసిపోయి ఉంది. పైగా నవ్వుతోంది.

ఈవిడెందుకు తడిసింది? బుకింగాయన ముందుకు వంగి, కళ్ళు చిట్లించి ఆలోచించాడు. అంతకుముందు వాన పడిందేమో. ఏట్లో పడిందేమో. ఎవరన్నా నీళ్ళు పోశారేమో. పోస్తే నవ్వడమెందుకు? సరే, వానే. వాన పడింది, తడిసింది. అక్కడితో బుర్ర ఆగిపోయింది. తన భార్య అయితే వానతో ఊరుకునేది కాదు. ఆ తడిలోంచే ఒక ఇంటినీ, నలుగురు మనుషుల్నీ లాగేది. ఎలా లాగేదో ఈయనెప్పుడూ గమనించలేదు, వింటూ టీ ఒలకబోసుకోవడం తప్ప. ఇంటర్వెల్ దాకా తంటాలుపడ్డాడు. వాన దాటి ఒక్క అడుగు ముందుకు పడలేదు. ఇంటర్వెల్లో బయటికీ వెళ్ళలేదు. దీపాలు మళ్ళీ ఆరి, తడిసినావిడ మళ్ళీ తెరమీదికొచ్చేసరికి, తనకి తెలియకుండానే గోడవారనున్న ఖాళీ కుర్చీ వైపు ఒరిగి పైకే అనేశాడు.

"ముందేమైంది?"

ఇటు పక్క కుర్చీలోకి అప్పుడే వచ్చి కూర్చున్న ఒకామె తననే అడిగాడనుకుంది. కాస్త వంగి మర్యాదగానే చెప్పింది.

"తెలీదండీ. నేనూ ఇప్పుడే వచ్చాను."

ఎంత తేలికైన మాట! పదిహేనేళ్ళలో ఒక్క శనివారం కూడా ఆవిడ ఆ మాట అనలేదు.